తాబేలు సినిమాలో ఒంటి తుమ్ము

మా సత్తెనపల్లిలో ఆ రోజుల్లో సినిమా అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. బజార్లో నాకొక ఎస్టీడీ బూతు ఉండేది. ఫోను చేసుకోవడానికి వచ్చినవాళ్ళకి, బిల్లు మిషన్లోంచి కాగితం బయటికి వచ్చేలోపల, ఆ వారం సినిమాల మీద నా తీర్పు చెప్పి పంపేవాణ్ణి. వాళ్ళు అడగలేదు కదా అంటే, అడగనివాళ్ళకే చెప్పాలి. అడిగేవాళ్ళకి ఎలాగూ కొంత తెలిసే ఉంటుంది.

మా ఊరు పెద్ద హీరోల ఊరు. ఫైటు లేని సినిమా వస్తే సగం తీసి ఆపేశారనుకునేవాళ్ళు. అలాంటి ఊళ్ళో నేను, పెద్ద పేర్లేమీ లేకుండా కొత్త కుర్రాళ్ళు నలుగురు పోగై తీసుకున్న సినిమాల్ని వెతుక్కుని మరీ చూసేవాణ్ణి. నాతోపాటు బలవంతాన చూసేవాళ్ళు ఇద్దరు. ఒకడు మా బూతు పక్కనే కొట్టున్న దర్జీ. సాయిబుల అబ్బాయి, భాయ్ అని పిలిచేవాళ్ళం. తెర మీద వాడికి హీరో చొక్కా కాలరు కుదిరిందా లేదా అన్నది తప్ప ఇంకేమీ కనిపించదు. రెండోవాడు మిరప రైతు కొడుకు. వాడికి అన్నీ కనిపిస్తాయి గానీ ఏదీ చెప్పడు.

చెప్పకపోవడమంటే మామూలుగా కాదు. పెళ్ళిచూపులకి వెళ్ళి, పిల్ల ఎదురుగా కూర్చుని, పెట్టిన మైసూరుపాకు తిని, మంచినీళ్ళు తాగి, నమస్కారం పెట్టి వచ్చేసేవాడు. "పిల్లోడు మూగోడా ఏంది?" అని వెనకాలే కబురొచ్చేది. అలా కొన్ని సంబంధాలు తప్పిపోయాయి. వాళ్ళ నాన్న కల్లంలో నిలబడి అరిస్తే అవతలి పొలంలో ఎద్దులు ఆగిపోయేవి. ఆ ఇంట్లో ఉన్న గొంతంతా ఆయనే వాడేసుకున్నాడని భాయ్ అనేవాడు. సంబంధాలు పోతున్నందుకు మావాడికి బాధ ఉన్నట్టు కూడా ఎప్పుడూ కనిపించలేదు.

ఒకసారి ప్రత్తి విత్తనాల కోసం గుంటూరు వెళ్ళాడు. విత్తనాల కొట్లో ఒక అమ్మాయి, వాళ్ళ నాన్నని వెనక నిలబెట్టి, కొట్టాయన మీదికి వెళ్తోందట. పోయినేడు ఇచ్చిన గింజలు సగం మొలవలేదని గొడవ. "మొలవని గింజకి ఎరువు ఎట్టా వెయ్యాలో కూడా మీరే చెప్పండి" అని అడుగుతోందట. మావాడు పురుగుమందు డబ్బా పట్టుకుని ఆ గొడవ తీరేదాకా నిలబడి చూసి, విత్తనాలు కొనడం మర్చిపోయి తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం మా బూతులో కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "ఆ పిల్లనైతే చేసుకుంటాన్రా" అన్నాడు. భాయ్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాకు తెలిసి వాడు తనంతట తానుగా చెప్పిన పెద్ద మాట అదే.

ఆరా తీస్తే వాళ్ళది ప్రత్తిపాడు దగ్గర పల్లె. వాళ్ళదీ మిరప, ప్రత్తి వ్యవసాయమే. అన్నీ కుదిరాయి. అడ్డమల్లా అమ్మాయి నాయనమ్మ. అంతకు ముందు ఆ అమ్మాయికి ఒక సంబంధం ఖాయమయ్యేదాకా వచ్చిందట. అంతా సరే అనుకుంటున్న క్షణాన పెళ్ళికొడుకు మేనమామ ఒక్క తుమ్ము తుమ్మాడు. ఒంటి తుమ్ము. వెంటనే ఆయనే రెండోది కూడా తుమ్మి ఉంటే జంట తుమ్మయి శుభమయ్యేది. ఆయనకి రాలేదు. ముసలావిడ లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. సంబంధం అక్కడితో సరి.

ఇంటి ముందు కారు ఆగి, వట్టిగా తిరిగి వెళ్ళిపోతే ఊళ్ళో మాటలు పడేది ఆడపిల్ల. అందుకని ఆ అమ్మాయి తండ్రి ఈసారి ఇంట్లో చూపులు పెట్టనన్నాడు. రెండు కుటుంబాలూ ఒకే సినిమాకి వస్తాయి. ఇంటర్వెల్లో సోడా బండి దగ్గర "అరెరే, మీరూ వచ్చారా!" అనుకుంటారు. పిల్లా పిల్లాడూ నాలుగు మాటలు మాట్లాడుకుంటారు. కుదిరితే పెళ్ళి, కుదరకపోతే సినిమా. మా వైపు ఇలాంటి చూపులు కొత్తేమీ కాదు. మాకొచ్చిన చిక్కల్లా మావాడు ఆ నాలుగు మాటలు ఎక్కణ్ణుంచి తెస్తాడన్నదే. మళ్ళీ నమస్కారం పెట్టి వచ్చేశాడంటే, విత్తనాల కొట్లో మొదలైంది సోడా బండి దగ్గర ముగిసిపోతుంది.

ఏ సినిమా అన్నది తేల్చే బాధ్యత నా మీద పెట్టారు. పెట్టక ఎవరి మీద పెడతారు?

"పెద్ద హీరో సినిమా ఆడతంది కదరా, దానికి పోదాం. ఆడోళ్ళకి పాటలుంటాయి" అన్నాడు భాయ్.

"అక్కడ కాగితాలు చించి ఎగరేస్తుంటే పిల్ల మొహం యాడ కనపడుద్దిరా? రెండో హాల్లో తాబేలు సినిమా ఉంది. జనం ఉండరు. నిమ్మళంగా చూసుకోవచ్చు."

"తాబేలు ఏందిరా?"

"చూస్తే నీకే తెలుసుద్ది."

పెళ్ళికొడుకు వైపు తిరిగాం. వాడు తలూపాడు. దేనికి ఊపాడో మాకు తెలీదు. నాకు అనుకూలంగా ఊపాడని నేను తీర్మానించాను.

ఆ రెండో హాలు గురించి కొంచెం చెప్పాలి. ఆ ఏడు మిరప విరగపండి ధర పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల్లో చోటు లేదు. హాలు ఓనరుకి మిరపకాయల వ్యాపారం కూడా ఉంది. ఖాళీ కుర్చీలకి సినిమా చూపించడం కంటే ఇది నయమని, బాల్కనీలో కుర్చీలు పీకించి మిర్చి టిక్కీలు వేయించాడు. టిక్కీ అంటే మా వైపు ఎండు మిరపకాయలు కూరి కుట్టిన బస్తా. బాల్కనీ కప్పు దాకా నిండిపోతే మిగిలినవి తెర పక్కన గోడకి పేర్పించాడు. కరెంటు బిల్లుకి భయపడి ఫ్యాన్లు వేసేవాడు కాదు కాబట్టి ఆ ఘాటు ఉన్నచోటే పడి ఉండేది. మేం ఉక్కపోతలో బనీన్లు తడుపుకుంటూ హాయిగా సినిమాలు చూసేవాళ్ళం.

ఆ రోజు మ్యాట్నీకి భాయ్ తన చేత్తో కుట్టిన నీలం చొక్కా వేసుకుని పెళ్ళికొడుకు వచ్చాడు. ముందు వరసలో అమ్మాయి, వాళ్ళ అమ్మానాన్న, నాయనమ్మ. వెనక వరసలో పెళ్ళికొడుకు, వాళ్ళ అమ్మానాన్న. మేమిద్దరం వాడికి చెరో పక్కన. ఇరువైపుల వాళ్ళూ ఒకరినొకరు చూడనట్టు ఎంత గట్టిగా నటించారంటే, నేల టిక్కెట్ల వాళ్ళు తెర మానేసి వీళ్ళని చూడటం మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చాడు ఓనరు. మావాడి నాన్న ఏటా ఆయనకి సరుకు వేసే రైతు. అంత పెద్ద రైతు కుటుంబంతో వస్తే మర్యాద చెయ్యకుండా ఎలా ఉంటాడు? "పెద్దోళ్ళు వచ్చారు, ఫ్యాన్లన్నీ వెయ్యండ్రా!" అని కేకేశాడు. వెయ్యొద్దని నేను లేచేలోపల ఫ్యాన్లు తిరిగాయి. నెలల తరబడి రెక్కల మీద పేరుకున్న మిరప దుమ్మంతా లేచింది. బాల్కనీలోంచి మిరప గింజలు, తొడిమలు మా నెత్తిన అక్షింతల్లా రాలాయి.

మొదట భాయ్ తుమ్మాడు. తర్వాత నేను. తర్వాత నేల టిక్కెట్లన్నీ కలిసి తుమ్మాయి. నా కళ్ళల్లోంచి, ముక్కులోంచి ఏది ముందు కారాలో తెలియక అన్నీ ఒకేసారి కారాయి. చోద్యమేమిటంటే ఆ రెండు కుటుంబాల వాళ్ళూ చెక్కు చెదరలేదు. పుట్టిన దగ్గర్నుంచి కల్లాల్లో పెరిగిన ముక్కులు. మావాడి నాన్న హాయిగా ఊపిరి పీల్చి, "సరుకు మంచిదే" అన్నాడు.

ముందు వరసలోంచి నాయనమ్మ వెనక్కి తిరిగింది. "ఎవరయ్యా తుమ్మింది?"

"నేనేనండి" అన్నాను.

"ఒకటా, రెండా?"

లెక్క పెట్టుకోలేదన్నాను. ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. "లెక్క లేకుండా ఎట్టా తుమ్ముతావు? ఇంకోటి తుమ్ము."

తుమ్మాను. అప్పట్నుంచి ఆవిడ సినిమా చూడటం మానేసి మమ్మల్ని చూసింది. ఆ పాత సంబంధం పోయాక తప్పనిసరై ఆవిడే ఒక సవరణ చేసుకుందట. రెండో తుమ్ము ఎవరిదైనా ఫరవాలేదు గానీ వెంటనే రావాలి. దాంతో భాయ్, నేను ఒక ఒప్పందానికి వచ్చాం. నేను ఒకటి తుమ్మి ఆగిపోతే వాడు అందుకోవాలి, వాడు ఆగితే నేను. ఆ మధ్యాహ్నం మేము స్నేహితుడి పెళ్ళి కోసం బోరింగు పంపు కొట్టినట్టు తుమ్మాం. మధ్యలో భాయ్, "ఒరేయ్, నా వల్ల కాదురా, నమాజుకి పోతా" అన్నాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను.

ఇంత గొడవలోనూ తెర మీద తాబేలు నడుస్తూనే ఉంది. హైదరాబాదులో ఒక అపార్టుమెంటు. మెట్ల మీద ఎవరిదో తాబేలు దొరుకుతుంది. పైన టీవీ డిష్షులు బిగించే కుర్రాడూ, అదే బిల్డింగులో పిల్లలకి లెక్కలు చెప్పే అమ్మాయీ కలిసి అది ఎవరిదో కనుక్కుందామని తలుపు తలుపూ తడుతుంటారు. ఒక్కో ఇంట్లో ఒక్కో వింత మనిషి. ప్రేమ అనే మాట ఎక్కడా రాదు. తాబేలు గురించే మాట్లాడుకుంటారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. తుమ్ముల మధ్య కనిపించినంత మేరకి గొప్ప సినిమా.

మిగతావాళ్ళకి అది సినిమాలా కాదు, తగవులా కనిపించింది.

"ఆ తాబేలు ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యక తిప్పుతారేందయ్యా?" అన్నాడు అమ్మాయి తండ్రి, ఎవరితోనూ కాదన్నట్టు.

"దొరికినోడిదే సొమ్ము" అన్నాడు మావాడి నాన్న, ఆయనా ఎవరితోనూ కాదన్నట్టు.

"అట్టా అంటే రేపు నా దూడ మీ చేలో పడితే మీదైపోద్దా?"

అక్కడితో కొత్త మనుషులమన్న నటన పోయింది. వరసలు దాటి వాదించుకున్నారు. నేల టిక్కెట్లు రెండు పక్షాలుగా చీలిపోయాయి. మావాడు మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా, ఒక్కసారీ తుమ్మకుండా, మెడ ముందుకి చాచి తెర వైపే చూస్తున్నాడు. ముందు వరసలో ఉన్న పిల్లని చూడరా అని నేను పొడిచినా కదల్లేదు.

ఇంటర్వెల్లో అందరం సోడా బండి దగ్గర పోగయ్యాం. "అరెరే, మీరూ వచ్చారా!" అని పెద్దవాళ్ళు అప్పుడు అనుకున్నారు, అంతసేపూ పోట్లాడుకున్న గొంతులతోనే. అమ్మాయి ఇవతలికి వచ్చింది. విత్తనాల కొట్లో మావాడు చూసిన ధైర్యం ఆ మొహంలో ఉంది. తనే ముందు అడిగింది.

"సినిమా ఎట్టా ఉందండీ?"

మావాడు ఆలోచించాడు.

"సోడా బాగుంది" అన్నాడు.

ఆ అమ్మాయి ఇంకాసేపు నిలబడింది. ఇంకేమైనా వస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు. బెల్లు కొట్టారు. ఆ అమ్మాయి తండ్రి వెళ్తూ వెళ్తూ వాళ్ళావిడతో, "బంగారం లాంటి పొలం ఉంది గానీ, పిల్ల జీవితమంతా ఎవరితో మాట్లాడుకోవాల? గోడతోనా?" అన్నాడు. ఆ మాట మావాడికీ వినిపించింది. సగం తాగిన సోడా సీసా బండి మీద పెట్టేశాడు. నాకు వాడి మీద కోపం ముంచుకొచ్చింది. అంతకంటే ఎక్కువ జాలేసింది.

ఇంటర్వెల్ తర్వాత తెర మీద పాతకాలం హీరో ఒకాయన గుర్రమెక్కి వచ్చి పదిమందిని చితక్కొట్టాడు. మా ఆపరేటరు అలవాటది. సినిమా నెమ్మదిగా ఉందని జనం గోల పెడితే తన దగ్గరున్న పాత ఫైటు రీలొకటి మధ్యలో అంటించేవాడు. నాయనమ్మ, "ఈయనెవరు? తాబేలాయనా?" అని అడిగింది. అవునన్నాను. అనక ఏం చెయ్యను? ఆవిడ మొదటిసారి తృప్తిగా తలాడించింది. గుర్రం వెళ్ళిపోయాక మళ్ళీ మెట్లు, మళ్ళీ తాబేలు వచ్చాయి.

ఆఖరికి ఒక తలుపు తెరుచుకుంది. ఒక పెద్దావిడ తాబేలుని తీసుకుని, "చాలా థాంక్స్ అమ్మా" అని తలుపేసేసింది. కుర్రాడూ అమ్మాయీ మెట్ల మీద నిలబడిపోయారు. ఇక వెతకడానికేమీ లేదు. "సరే అయితే" అన్నాడతను. "సరే" అందామె. అతను కిందికి దిగాడు. ఆమె పైకెక్కింది. చాలాసేపు ఖాళీ మెట్లే చూపించారు.

ఆ ఖాళీ మెట్ల మీదే కరెంటు పోయింది. జనరేటరు వేస్తే, అన్ని ఫ్యాన్ల బరువు లాగలేక గుర్రుమని అదీ ఆగిపోయింది. ఓనరు వచ్చి, "ఇంకేం లేదండీ, కొంచెమే ఉంది, అయిపోయినట్టే" అన్నాడు. ఆ కొంచెంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ సినిమా మళ్ళీ ఎక్కడా ఆడలేదు. ఆ ఫ్యాన్ల మీద కోపం కూడా ఇప్పటికీ తగ్గలేదు.

బయట ఆవరణలోకి వచ్చాం. ఎండలో చూస్తే మావాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెంపల మీద చారలు. నీలం చొక్కా కాలరు తడిసిపోయింది. వాళ్ళ నాన్న కంగారుపడ్డాడు.

"ఘాటుకి, ఘాటుకి!" అన్నాడు అందరికీ వినపడేలా. "ఏం ఘాటండీ బాబు!"

"అవునవును, ఘాటే" అన్నాను, నా ముక్కు చూపించి. సాక్ష్యానికి అంతకంటే మంచి ముక్కు ఆ జిల్లాలో లేదు.

అమ్మాయి మావాడి దగ్గరికి వచ్చింది. పెద్దవాళ్ళు ఉన్నారని కూడా చూడలేదు.

"మాదీ మిరప తోటేనండి. ఘాటయితే ముందు ముక్కు కారుద్ది, తర్వాత దగ్గొస్తది, ఆఖర్న కళ్ళు. మీరు ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు. కళ్ళకి మాత్రం తగిలిందా?"

మావాడు తల దించుకున్నాడు. వాళ్ళ నాన్న నోరు తెరిచి మూశాడు. ఆయన నోరు ఊరికే మూయడం నేను చూడటం అదే మొదలు.

"తాబేలు కోసమా?" అందా అమ్మాయి, కొంచెం మెత్తగా.

"తాబేలు కోసం కాదండి" అన్నాడు మావాడు. నేను భాయ్ చెయ్యి పట్టుకున్నాను. "అది ఇచ్చేశారు గదండీ. ఇంక వాళ్ళిద్దరికీ కలవడానికి సాకు లేదు. పైకొకళ్ళు, కిందికొకళ్ళు పోవాల్సిందేగా. అతను ఏదన్నా అని ఉండాల్సింది. మనసులో ఉంది, చెప్పడం రాలా. చెప్పడం రానోళ్ళకి అట్టానే అవుద్దండి."

అంతా చెప్పి ఆగిపోయాడు. ఆ మాటల్లో తాబేలు సినిమా ఎంతో, వాడెంతో అక్కడ అందరికీ అర్థమైంది. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. నేనూ ముక్కు తుడుచుకున్నాను, ఈసారి మిరప దుమ్ముకి కాదు.

"సినిమా అయిపోలేదు గదండీ, కరెంటు పోయింది. ఏదో ఒక సాకు దొరికే ఉంటది లెండి" అంది అమ్మాయి.

ఇక చూడాల్సిందేముంది? అమ్మాయి తండ్రి కూతురి వైపు చూశాడు. కూతురు నేల చూసి నవ్వింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. భాయ్ సైకిలు తేవడానికి స్టాండు వైపు వెళ్ళాడు.

"సరే బావగారూ, మా వైపు నుంచి ఇక..."

నేను తుమ్మాను.

ఒక్కటే. మధ్యాహ్నమంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చిన రెండో తుమ్ము రాలేదు. సూర్యుడి వైపు చూశాను. ముక్కు నలిపాను. చొక్కా మీద అంటుకున్న మిరప గింజ తీసి వాసన చూశాను. ఏమీ లేదు. నా ముక్కు ఆ రోజుకి పని ముగించేసింది. భాయ్ ఆవరణకి అవతలి కొసన సైకిలు తాళంతో కుస్తీ పడుతున్నాడు. అమ్మాయి తండ్రి మాట మధ్యలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. నాయనమ్మ తలుపేసుకోవడం తను ఇంతకుముందు ఒకసారి చూసింది.

"ఇంకోటి తుమ్మవయ్యా" అంది నాయనమ్మ. ఈసారి ఆవిడ గొంతులో అజమాయిషీ లేదు, బతిమాలుతోంది.

"రావట్లేదండి" అన్నాను. ఏడుపు మాత్రం వచ్చేట్టుంది.

అప్పుడు, అంతసేపు ఆ దుమ్ములో కూర్చుని ఒక్కసారి ముక్కు కూడా ఎగబీల్చని ఆ అమ్మాయి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "హాచ్" అంది.

అది తుమ్ము కాదు. తుమ్మేవాళ్ళ తల విసురుగా ముందుకి వస్తుంది, కళ్ళు మూసుకుపోతాయి. ఈ అమ్మాయి తల కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మావాణ్ణే చూస్తున్నాయి. అక్కడున్నవాళ్ళంతా కల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళు. తుమ్మంటే ఎలా ఉంటుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మావాడి నాన్న గోడ మీది పోస్టరు చదవడం మొదలుపెట్టాడు. అమ్మాయి తండ్రి జేబులో ఏదో వెతుక్కున్నాడు.

నాయనమ్మ మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసింది.

"రెండు" అంది. "ఇక కానియ్యండి."